ఆమె లేవలేకపోయిన రోజు

శాసనసభలో అతనిది మార్షల్ ఉద్యోగం. సభాపతి ఎవరినైనా బయటికి వెళ్లమంటే వాళ్లు వెళ్లాలి. వెళ్లకపోతే మార్షల్ తీసుకెళ్లాలి. అదీ నిబంధన. తలుపు రెక్కంత మనిషి కాబట్టి ఆ పని ఎప్పుడూ అతనికే పడేది. ఇంట్లో మాత్రం బల్లినైనా బతిమాలి బయటికి పంపే రకమని భార్య నవ్వేది.

ఒక మధ్యాహ్నం ప్రతిపక్షం వాళ్లు సభాపతి కుర్చీ ముందు నేలమీద బైఠాయించారు. వాళ్లను ఆ పూటకు సస్పెండ్ చేశారు. అందరూ లేచి వెళ్లిపోయారు, ఒక్క పెద్దావిడ తప్ప. ఏళ్ల తరబడి గెలుస్తూ వస్తున్న సభ్యురాలు. ఆమె నోరు విప్పితే మంత్రులు సర్దుకుని కూర్చునేవారు.

మార్షల్ ఆమె పక్కన వంగాడు. "అమ్మా, పదండి."

"మొండికెయ్యట్లేదు బాబూ," అందామె గొంతు తగ్గించి. "మోకాళ్లు పట్టేశాయి. లేవలేకపోతున్నా. వీళ్లకి తెలియనివ్వకు."

అతను "అయితే నన్ను నాలుగు తిట్టండి" అని చెవిలో చెప్పి, రెండు చేతులమీద ఎత్తుకున్నాడు. ఆమె తిట్టింది. బాగానే తిట్టింది.

సాయంత్రం టీవీల్లో ఎక్కడ చూసినా అదే. ముసలావిడను మోసుకుపోతున్న కర్కోటకుడు. కాలేజీకి వెళ్లే కూతురు అన్నం ముట్టలేదు.

"మన నానమ్మ వయసు కదా నాన్నా ఆవిడది. చేతులెలా వచ్చాయి నీకు?"

"డ్యూటీ తల్లీ," అన్నాడు కంచంలోకి చూస్తూ. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. భార్యకు కూడా చెప్పలేదు.

మర్నాడు ప్రశ్నోత్తరాలు ముగియగానే పెద్దావిడ వ్యక్తిగత వివరణకు అనుమతి అడిగింది. తమ గురించి వచ్చిన మాటకు సభ్యులు జవాబు చెప్పుకునే వీలది. దానిమీద చర్చ ఉండదు.

బల్ల పట్టుకుని నిలబడింది. "అధ్యక్షా, నిన్న నన్నెవరూ ఈడ్చుకుపోలేదు. మోకాళ్లు సహకరించక నేనే లేవలేకపోయాను. దాచమని అడిగాను. ఆ మార్షల్ తన పరువు పోగొట్టుకుని నా పరువు కాపాడాడు. దానికి నా మనసొప్పలేదు. అంతే అధ్యక్షా."

తలుపు దగ్గర నిలబడ్డ మార్షల్ కళ్లు తుడుచుకోలేక పైకప్పు చూశాడు.

ఇంటికి వెళ్లేసరికి కూతురు గుమ్మంలోనే ఉంది. కింద కూర్చుని తండ్రి బూట్ల లేసులు విప్పింది.

ఆ సమావేశాల్లోనే పెద్దావిడ మళ్లీ సస్పెండ్ అయింది. ఈసారి మార్షల్ దగ్గరికి రాకముందే చెయ్యి చాచింది.

"నిదానంగా పద బాబూ," అంది. "తొందర అధ్యక్షులవారికి గానీ మనకేముంది?"