నీలం కియా ఆవిడ తాగే కాఫీ

గస్సాన్‌కి మొహాలు గుర్తుండవు, కార్లు గుర్తుంటాయి. అమ్మాన్ నగరంలో ఏడో సర్కిల్‌కి పోయే రోడ్డు పక్కన పంతొమ్మిదేళ్లుగా కాఫీ అమ్ముతున్నాడు. కొట్టంటే పెద్దదేం కాదు. రెండు గ్యాసు పొయ్యిలు, ఇద్దరు మనుషులు ఇరుక్కుని నిలబడే రేకుల గది. తెల్లారుతూనే షట్టరు ఎత్తి, గుండ్రటి పళ్ళెం పట్టుకుని రోడ్డంచున నిలబడి వచ్చే కార్లకేసి ఊపుతాడు. కారు నెమ్మదిస్తుంది, అద్దం దిగుతుంది, ఒక చెయ్యి బయటికొస్తుంది. అరచెయ్యి బోర్లిస్తే చక్కెర వద్దని. రెండు వేళ్లు చూపిస్తే సగం చక్కెర. పిడికిలి ఊపితే పాకంలా ఉండాలని. ఈ బేరంలో మాటలుండవు. కారు పక్కకి తీసి ఆపేసరికి పొడుగు పిడి ఇత్తడి గిన్నెలో కాఫీ రెండో పొంగుకి వచ్చేస్తుంది. అర దీనారు పుచ్చుకుని కాగితం గ్లాసు కిటికీలోంచి అందిస్తాడు. ముందున్న సిగ్నల్లో ఎర్రలైటు తొంభై సెకన్లు. పచ్చ పడేలోపు మడ్డి అడుక్కి దిగాలి. అందుకే అందరిలా కాటుకంత మెత్తగా కాకుండా పొడిని ఒక్క పిసరు బరకగా పట్టిస్తాడు. ఈ కిటుకు వాళ్ల నాన్నది.

రోజూ ఆరుముప్పావుకి నీలం కియా వచ్చేది. వెనక ఎడమ తలుపుకి సొట్ట. అందులోని ఆవిడ రెండు వేళ్లు చూపించి, ఆ తర్వాత బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపేది. ఏలకుల పొడి ఇంకాస్త వెయ్యమని. పంతొమ్మిదేళ్లలో ఆ సైగ చేసింది ఆవిడొక్కతే. తాగి ఊరుకునే రకం కూడా కాదు. మర్నాడు గ్లాసు అందుకుంటూ "నిన్న కాస్త మాడింది" అనో "అది పాత పొడి" అనో ఒక ముక్క అనేసి పోయేది. ఆ ముక్క కోసం గస్సాన్ ఎదురుచూసేవాడు. మిగతావాళ్లు ఏం పోసినా తాగేస్తారు.

వేసవి చివర్లో రోడ్డుకి అవతల, బస్సు స్టాపు వెనకాల, అద్దాల కాఫీ హోటలొకటి తెరిచారు. కప్పు మూడు దీనార్లు. అదే నెలలో, ఎప్పుడూ ఏలకులిచ్చే ముసలాయన పోతే, గస్సాన్ వేరేచోట కొనడం మొదలుపెట్టాడు. కొత్త ఏలకులు పడిన మర్నాటి నుంచి నీలం కియా జాడ లేదు.

కొట్టులో సగం వాటా బావమరిది రకాన్‌ది. వాడికి ఇదే సందయింది.

"చూశావా బావా, నీ కాఫీ రుచి తెలిసిన ఒక్క మనిషీ అటు జారుకుంది. నువ్వింకా మీ నాన్న గిన్నె పట్టుకుని వేలాడు."

ఆవిరి మిషనొకటి చూశాడట. కాఫీ అదే తీస్తుంది, పాలు అదే నురగ కడుతుంది. గురువారం పొద్దున్న మిషను అమ్మే అతను వస్తాడు. అది పెట్టాలంటే పొయ్యిలు తీసెయ్యాలి, రెండిటికీ చోటు చాలదు. గస్సాన్ సరేననలేదు, వద్దనీ అనలేదు. వాడి మాటలో నిజముంటే? తన కాఫీ పాడయిందా, లేక అవతలిది నిజంగానే అంత బావుంటుందా? పాడయినట్టయితే నాన్న గిన్నెని పట్టుకుని కూర్చోవడంలో అర్థం లేదు.

"తాగకుండా ఏం చెప్పను? రేపు వెళ్లి తాగొచ్చి చెప్తా" అన్నాడు.

బుధవారం రకాన్‌కి పొయ్యి అప్పగించి, టోపీ తీసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రోడ్డెక్కాడు. దాటడం మాటలా? రోజూ తన చేతి కాఫీ తాగే కార్లే హారన్లు కొడుతూ మీదికొచ్చాయి. ఎప్పుడూ పిడికిలి ఊపే తెల్ల టయోటా అతను తల బయటపెట్టి, చావడానికి నా కారే దొరికిందా హాజీ అని తిట్టిపోయాడు. చేతిలో పళ్ళెం లేకపోతే తనని ఎవరూ ఆనవాలు పట్టరని గస్సాన్‌కి అప్పుడు తెలిసింది.

లోపల కౌంటర్లో అమ్మాయి పేరడిగింది.

"కాఫీకి పేరెందుకమ్మా, నిశ్చితార్థమా?"

ఆ పిల్ల నవ్వేసి, కప్పు మీద రాస్తామంది. గస్సాన్‌కి ఇది వింతగా తోచింది. ఇన్నేళ్లలో తను ఒక్కరి పేరూ అడిగిన పాపాన పోలేదు. గింజలు ఎక్కడివని అడిగితే ఇథియోపియావంది. ఎప్పుడు వేయించారంటే సంచీ తిప్పి తేదీ చూపించింది, అది ఆయనకి బాగా నచ్చింది. ఎన్ని పొంగులు రానిస్తారంటే మాత్రం బిక్కమొహం వేసింది. మిషను బుస్సుమంది. సన్నటి నల్లటి ధార దారంలా దిగింది. గస్సాన్ కౌంటరు మీదికి వంగి మరీ చూశాడు.

కప్పు స్నానం చెంబంత ఉంది. మొదటి గుక్క నిమ్మతొక్క కొరికినట్టు పుల్లగా తగిలింది. పాడయిన కాఫీ అంటగట్టారేమో అనుకున్నాడు. రెండో గుక్కకి ఆ పులుపు వెనక ఏదో పండు వాసన తెలిసింది. మూడో గుక్కకి బాగానే ఉందనిపించి, అలా అనిపించినందుకు కాస్త సిగ్గేసింది. ఏలకుల ఊసు లేదు, మడ్డి లేదు. తన కాఫీ నాలుగు గుక్కలు, నిద్రమొహం వదిలిపోవడానికి. ఇదేమో ఎంతకీ అడుగు కనపడదు. రెండిటినీ ఒకే పేరుతో ఎందుకు పిలుస్తారో కూడా అర్థం కాలేదు. సరే, బాగానే ఉంది. కానీ రోజూ ఏలకులు ఎక్కువ వెయ్యమనే మనిషికి ఇందులో ఏం దొరికింది?

పక్క బల్ల దగ్గర యాభై దాటిన ఒకావిడ చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, అద్దంలోంచి బస్సు స్టాపుకేసి చూస్తోంది. ముందు అదే చెంబు కప్పు, సగం కూడా ఖాళీ కాలేదు. గస్సాన్ ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. ఈ కాఫీలో మీకేం నచ్చింది?"

ఆవిడ ఎగాదిగా చూసింది. "నచ్చిందని ఎవరన్నారు? నాకివి పుల్లటి నీళ్లు. కాఫీ అంటే అదిగో, ఆ రేకుల కొట్టతనిది."

గస్సాన్ చేతిలో కప్పు బల్ల మీద పెట్టాడు. మరి అక్కడే తాగొచ్చుగా అన్నాడు మెల్లగా.

"ఎలా తాగను? కళ్లు బాలేవు, నడపొద్దన్నాడు డాక్టరు. కారు అమ్మేశా. ఆ కొట్టు కార్లున్నవాళ్లకే. ఆడదాన్ని, ఆ కార్ల మధ్య నిలబడి చెయ్యి ఊపనా? ఇక్కడైతే బస్సొచ్చేదాకా కూర్చోనిస్తారు. నేనిచ్చే మూడు దీనార్లూ కుర్చీకే అన్నా." కొట్టుకేసి చూస్తూ మళ్లీ తనే అంది. "అతనికి నోరు తెరిచి చెప్పక్కర్లేదు తెలుసా. ఇలా అంటే చాలు."

రెండు వేళ్లెత్తింది. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపింది.

గస్సాన్ ఆ వేళ్లకేసి చూశాడు. ఆ తర్వాత ఆవిడ మొహంకేసి చూశాడు. చూడటం అదే మొదటిసారి.

"వెనక తలుపు సొట్ట తీయించే అమ్మారా?" అని అడిగాడు.

ఆవిడ ఆయన నెత్తికేసీ చొక్కాకేసీ మార్చిమార్చి చూసింది.

"ఆ టోపీ కింద బట్టతల ఉందనుకోలేదు" అంది చివరికి.

ఇద్దరూ నవ్వుకున్నాక గస్సాన్ తను రోడ్డు దాటి వచ్చిన పని అడిగేశాడు. ఆఖరుసారి తాగినప్పుడు ఏలకులు కొత్తవి, తేడా తెలిసిందా అన్నాడు.

"ఎందుకు తెలీదు? ఘాటు తక్కువ. ఇంకో చిటికెడు పడాలి. మర్నాడు చెప్దామనుకున్నా. మర్నాటికి కారు లేదు."

బస్సొచ్చింది, ఆవిడ హడావుడిగా లేచింది. బల్ల మీద మిగిలిన కప్పు మీద పేరు చదివాడు గస్సాన్. ఇన్‌సాఫ్.

సంగతంతా విని, అయితే అవతలి కాఫీ బాలేదన్నమాట అన్నాడు రకాన్. బాగానే ఉందనీ, నెలకోసారి వెళ్లి తాగుతాననీ చెప్పాడు గస్సాన్. బావ తనని ఆటపట్టిస్తున్నాడో నిజమే చెప్తున్నాడో వాడికి అంతుపట్టలేదు.

గురువారం ఆరుముప్పావుకి మిషనతను వచ్చి, కొట్టు ముందు కారాపి, అద్దం దించి, అలవాటు కొద్దీ అరచెయ్యి బోర్లించాడు. రకాన్ గిన్నె అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే అవతల బస్సు స్టాపులో ఒక చెయ్యి లేచింది. రెండు వేళ్లు, ఆ తర్వాత వేళ్లు కలిపి నలపడం.

గస్సాన్ ఒక చిటికెడు ఎక్కువే వేశాడు. గ్లాసు పళ్ళెంలో పెట్టుకుని రోడ్డులోకి అడుగేశాడు. నిన్న మీదికొచ్చిన కార్లన్నీ పళ్ళెం చూసి ఆగిపోయాయి. తెల్ల టయోటా అతను సలాం కొట్టి, కొట్టుకి తిరిగెళ్లాక తనకొకటి కలపమని పిడికిలి ఊపాడు.

ఇన్‌సాఫ్ గ్లాసు అందుకుంది గానీ తాగలేదు. సిగ్నల్‌కేసి చూసింది. ఎరుపు. మడ్డి దిగేదాకా ఇద్దరూ నిలబడ్డారు. పచ్చ పడగానే ఒక గుక్క తాగి, కాసేపు నాలుక మీద ఉంచుకుంది.

"ఇంకో పిసరు పడాలి" అంది.

గస్సాన్ ఖాళీ పళ్ళెం చంకలో పెట్టుకుని, మిషనతనికి ఆ మాట చెప్పి, పొయ్యిలు తీసేది లేదని పంపెయ్యడానికి రోడ్డు దాటాడు.