మా సార్ కంచె వేసిన నేల

మా కెమిస్ట్రీ సార్ పోయారన్న కబురు నాకు ల్యాబ్‌లో ఉండగానే తెలిసింది. మొదటి సంవత్సరం పిల్లలకు ప్రాక్టికల్ నడుస్తోంది. మా అటెండర్ అన్న గుమ్మం దగ్గరే నిలబడిపోయి, "మేడం, సార్ పోయినారంట. తెల్లారుజామున, నిద్దర్లోనే" అన్నాడు. సార్ రిటైరై చాలా ఏళ్లయింది. కళ్యాణదుర్గంలో సొంత ఇంట్లో ఉంటున్నారు. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ఆ క్షణాన మాత్రం, ఎదురుగా ఒక పిల్లవాడు పరీక్షనాళికను సింకులో ఒంపబోతుంటే "ఆగప్పా!" అని అరిచాను. ఆ మాటా ఆయనదే, ఆ అరుపూ ఆయనదే.

ఆయన నాకు డిగ్రీలో పాఠం చెప్పారు. తర్వాత అదే కాలేజీలో, అదే డిపార్ట్‌మెంటులో నేను ఆయన పక్కన పనిచేశాను. మనిషి సన్నం, కోపం ముక్కు మీద. గ్లాసులో నీళ్లు మిగిలిస్తే ఎవరినైనా సరే తిట్టేవారు. మా వైపు పిల్లలకు అక్షరాల కన్నా ముందు నీళ్ల పొదుపు వస్తుంది. ముఖం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, బియ్యం కడిగిన నీళ్లు గొడ్లకు. నేల మీద ఊరికే పారే నీటిని చూస్తే మాకు ప్రాణం ఉసూరుమంటుంది. సార్ చేసిన తప్పు ఆ మంచి అలవాటులోంచే పుట్టింది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక పాడు కరువొచ్చింది. కాలేజీ బోరు ఎండిపోయింది. ట్యాంకరు వస్తేనే నీళ్లు. ల్యాబ్ సింకుల్లోంచి పోయే నీళ్లన్నీ వెనక గుంటలో ఇంకిపోతుంటే సార్ చూడలేకపోయారు. పార పట్టుకుని, మమ్మల్ని వెంటేసుకుని, ల్యాబ్ వెనక నాటిన వేప, కానుగ మొక్కల దాకా కాలువ తవ్వారు. మట్టి తట్టలు మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. కాలేజీ అంతా మాడిపోయి ఉంటే ఆ ఒక్క వరస పచ్చగా నిలబడింది. చూడ్డానికి జనం వచ్చారు. వార్షికోత్సవంలో సార్‌కు శాలువా కప్పారు. ఆ నీళ్లలో సీసం, పాదరసం, క్రోమియం లవణాలు ఉన్నాయని పాఠం చెప్పే లెక్చరర్లకూ తెలుసు, పరీక్ష రాసే మాకూ తెలుసు. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత జరిగింది సార్ నోటివెంటే చాలాసార్లు విన్నాను. అటెండర్ అన్న తన పాప మొదటి పుట్టినరోజుకు సార్‌ను భోజనానికి పిలిచాడు. వేడి వేడి రాగిసంగటి, చిర్రాకు పప్పు. తోటకూరను మా దగ్గర చిర్రాకు అంటాం. మండే ఎండాకాలంలో అంత లేత ఆకు చూసి సార్ ఆశ్చర్యపోయారు.

"ఇంత లేతాకు యాడ దొరికిందమ్మా?"

అటెండర్ అన్న భార్య మురిసిపోతూ చెప్పింది. "అంతా మీ పుణ్యమే సార్. మీరు తవ్విన కాలవ గట్టున గుబురుగా మొలిచిండాది. మా వీధి వీధంతా అదే తింటాండాం."

ముద్ద చేతిలోనే ఉండిపోయిందట. పక్కనే ఆ పాపకు వాళ్ల అవ్వ పప్పు మెదిపి పెడుతోందట. "చెట్లకే గదా, ఎవురు తింటారులే అనుకుంటి. ఆకలికి చెట్టేది, కూరేది? అంత మాత్రం తెల్లేదే నాకు" అనేవారు సార్, ఇక్కడికి వచ్చేసరికి తలొంచుకుని.

మర్నాడు ఆయనే ఆ ఆకంతా వేళ్లతో సహా పీకేశారు. కాలువకు సిమెంటు పెట్టి మూసేశారు. ఆ వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి, "నీళ్లనుకోని పారిస్తి తల్లీ. అవి నీళ్లు గావు. ఇంక ఆడ ఆకు కొయ్యొద్దండి" అని చెప్పారు. వాళ్లే ఆయన్ని ఓదార్చారు. సారే పిల్లల్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి చూపించారు. డాక్టర్లకు ఏమీ కనిపించలేదు. ఎవరైనా "ఏమీ గాలేదు గదా సార్, ఇంక మర్సిపోండి" అంటే, "కనపల్లేదన్న్యారు. గాలేదని ఎవురూ చెప్పల్యా" అనేవారు. ఆ శాలువా మడిచి తీసుకెళ్లి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టి వచ్చేశారు. అటెండర్ అన్న కూతురు పెద్దదై, పెళ్లయి కదిరికి పోయింది. పుట్టింటికి వచ్చినప్పుడు దారిలో కనిపిస్తే సార్ ఆగి, "బాగుండావా తల్లీ?" అని అడిగేవారు. అందరిలాగా అడిగి పోయేవారు కాదు, జవాబు కోసం నిలబడేవారు.

ల్యాబ్ వెనక నేలకు ఆయన ముళ్లకంచె వేయించారు. ల్యాబ్ లోపల మూత బిగుతుగా ఉండే డబ్బాలు పెట్టించారు. సీసానిదొకటి, పాదరసానిదొకటి, ద్రావణులదొకటి. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో కలిపితే ఎంతటివాడికైనా తిట్లే. నిండిన డబ్బాలు తీసుకెళ్లే బండి కోసం ఆయన ఫోన్ల మీద ఫోన్లు చేసేవారు. సీసాల మీద పేర్లు తెలుగులో రాయించారు, ఊడ్చే ఆమె కూడా చదువుకోవాలని. "పేరు లేని సీసా పాముపుట్టప్పా, చెయ్యి పెట్టొద్దు" అనేవారు. ఇంకో మాట కూడా ఎప్పుడూ ఆయన నోట్లో నానేది. "పారబోస్తే పోదు. పక్కోనింటికి పోతాది."

ఏటా కొత్త పిల్లలు రాగానే మొదటి క్లాసులో సూత్రాలు లేవు, సమీకరణాలు లేవు. ఈ చిర్రాకు కథే. పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఎందుకు సార్, ఏడాదికోసారి మీ పరువు మీరే తీసుకుంటారు?"

"నా పరువు పోతే పోనీమ్మా. ఆ కాలవ మళ్లా తవ్వగూడదు" అన్నారు కోపంగా.

ఆయన రిటైరయ్యాక ఆ మొదటి క్లాసు నాకొచ్చింది. గురువుగారి తప్పు నా నోటితో చెప్పడమేమిటని ఆ కథ మానేశాను. జాగ్రత్తలన్నీ చక్కగా బోర్డు మీద రాయించాను. అది గౌరవమే అనుకున్నాను. ఆ గౌరవం ఏం చేసిందో ఆయన సంతాప సభలో తెలిసింది.

మా కరస్పాండెంటు ఈ మధ్యే వచ్చినవాడు, మంచివాడే. మైకు ముందు నిలబడి, "సార్‌కు చెట్లంటే ప్రాణం. కరువులో కూడా పెంచినారంట. ల్యాబ్ వెనక ఆ చెట్ల పక్క జాగా ఊరికే ముళ్లకంచె వేసి పడుండాది. ఆడ ఆయన పేరు మీద పండ్లతోట పెడతాం" అన్నాడు. హాలంతా చప్పట్లు. నా చేతులు కూడా చప్పట్లు కొట్టాయి. ముందు వరసలో సార్ భార్య మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. మేమంతా ఆమెను అమ్మా అనే పిలుస్తాం.

సభ అయ్యాక ఆమె నా దగ్గరికొచ్చారు. "ఏ నేలమ్మా వాళ్లు చెప్పేది? ఆయప్ప కంచె ఏసిన నేలేనా?"

"అవునమ్మా."

"ఆ నేల పేరెత్తితే ఆయప్పకు అన్నం దిగేది కాదు. ఇంతమంది చదువుకున్నోళ్లుండి, ఒక్కరూ వద్దనలేదా?"

నేను తల దించుకున్నాను. ఆమె నన్ను తిట్టకుండానే వెళ్లిపోయారు. తిట్టుంటే బాగుండేది.

మొక్కలు నాటే రోజు పొద్దున వెళ్లేసరికి కంచె పీకేసి ఉంది. గుంతలు తవ్వారు. జామ, దానిమ్మ, సీతాఫలం మొక్కలతో టెంపో వచ్చింది. పిల్లలు తలా ఒకటి ఎత్తుకుని వరసగా నిలబడ్డారు. గుంతల ముందు నిలబడి చెప్పాను. కాలువ సంగతి, చిర్రాకు సంగతి, పాప సంగతి, శాలువా సంగతి. సార్ చెప్పినట్టు చెప్పలేకపోయాను. ఎక్కడెక్కడో తడబడ్డాను. వెనకాల నిలబడ్డ అటెండర్ అన్న కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

కరస్పాండెంటు దగ్గర్లోని గుంతలోకి ఒంగి చూశాడు. తర్వాత, "ఇన్నేండ్లూ ఎవురూ చెప్పలేదేమమ్మా?" అన్నాడు.

"చెప్పాల్సింది నేను సార్. చెప్పలేదు."

ఆయన కూలీలను పిలిచి గుంతలు పూడ్చమన్నాడు. అక్కడ పండ్లచెట్లు తప్పినందుకు నా గుండె కాస్త కుదుటపడింది. అప్పుడే వరసలో ముందున్న అమ్మాయి జామమొక్కను రెండు చేతులతో పట్టుకుని అడిగింది.

"అయితే వీటిని యాడ నాటాల మేడం?"

హాస్టల్ పక్కన అని చెప్పబోయి ఆగాను. అక్కడే కదా జనరేటర్ నూనె పారబోసేది. జువాలజీ వాళ్ల గోడ పక్కన అందామంటే, జంతువుల నమూనాలున్న సీసాలు కడిగి ఆ ఫార్మలిన్ నీళ్లు వాళ్లు అటే వదులుతారు. గేటు దగ్గర? అక్కడేం పోశారో, ఎవరు పోశారో నాకు తెలియదు. ఇన్నేళ్లలో నేను అడగలేదు. ఎండ ఎక్కుతోంది. మొక్కలు చంకనెత్తుకుని ఆ పిల్లలంతా, నేను వేలు పెట్టి చూపించే నేల కోసం, నా చేతివైపే చూస్తూ నిలబడ్డారు.