మూడు ముక్కల అచ్చు

సీదోను పట్టణంలో మా తాత మత్తాన్ ఇద్దరినే నమ్మేవాడు. ఒకరు చనిపోయిన వాళ్ళమ్మ, రెండోవారు ఆయనే.

ద్రాక్షసారా తాగే గాజు లోటాలు మా ఇంటి పని. తాత స్వయంగా చెక్కిన మట్టి అచ్చులోకి వేడి గాజును ఊదితే లోటా చుట్టూ ఆకుల తీగ తేలేది. ఊదేది అల్లుడు సాకోన్, అంటే మా నాన్న. పొద్దుగూకగానే తాత అచ్చును మూడు ముక్కలుగా విడదీసేవాడు. ఒక పక్క ముక్క మంచం కింద, రెండో పక్క ముక్క బార్లీ కుండలో, అడుగు ముక్క తన తలకింద. మెడ పట్టేసినా దాన్ని అక్కణ్ణుంచి కదిలించలేదు.

ఒకనాడు రేవు అంగడిలో ఆయనకు ఒక ఆకుపచ్చ లోటా కనబడింది. అదే తీగ, అవే ఆకులు. కొనుక్కొచ్చి అల్లుడి ముందు పెట్టాడు.

"మూడో ఆకుకు కాడ ఉందా?"

"లేదు మామా. నీ ఉలి జారిన చోటు. మన లోటానేగా."

"ఆకుపచ్చ గాజు మన కొలిమిలో ఎన్నడైనా కరిగిందా? అచ్చు ఎవడికిచ్చావ్?"

"నీ తలకింద ముక్క తియ్యాలంటే ముందు నీ తల తియ్యాలి కదా మామా."

"వేళాకోళం వద్దు. పొద్దున్నే మూట కట్టుకో. నా కూతురు వస్తానంటే తీసుకుపో."

కాయధాన్యాలు ఉడకబెడుతున్న అమ్మమ్మ అరిషత్ గరిటెతోనే బయటికొచ్చింది.

"అల్లుణ్ణి గెంటేముందు దాన్ని అచ్చులో పెట్టి చూడరాదూ? అందులో పుట్టిందైతే అందులోనే పడుతుంది."

మూడు ముక్కలూ మూడు చోట్ల నుంచి వచ్చాయి. మా లోటా పెడితే ఆకులు గుంటల్లో చక్కగా కూర్చున్నాయి. ఆకుపచ్చది మాత్రం లొడలొడలాడింది.

ఇదెలా జరిగిందో తాతకు అర్థం కాకపోలేదు. ఎవడో మా లోటా ఒకటి కొని, దాని చుట్టూ తడి మట్టి అద్ది, ముక్కలుగా విడదీసి, కాల్చి అచ్చు చేసుకున్నాడు. మట్టి ఎండి కాలేసరికి కుంచించుకుపోతుంది. అందుకే ఆ అచ్చులో పుట్టిన లోటా అసలుదానికంటే బక్కచిక్కి ఉంటుంది.

"అయితే ఊళ్ళో ఎవడైనా చేసి ఉండొచ్చు," అన్నాడు.

"ఇన్నేళ్ళూ అచ్చు దాచావ్. లోటా అమ్మినప్పుడల్లా దాన్నీ అమ్ముతూనే ఉన్నావ్," అంది అమ్మమ్మ. "మెడనొప్పి మాత్రం నీకు మిగిలింది."

తప్పైందనడం మా తాతకు చేతకాదు. అడుగు ముక్క అల్లుడి చేతిలో పెట్టి, "ఇకమీదట నీ తలకింద పెట్టుకో," అన్నాడు.

నాన్న అలాగే పెట్టుకున్నాడు. దిండు సర్దే వంకతో తాత రోజుకు రెండుసార్లు వచ్చి తడిమి చూసిపోయేవాడు.