పిరంగికి నూలు గుడ్డ

మా గుడి పిరంగి పెద్దదేమీ కాదు. నిలబెడితే నా మోకాలు దాటి కొంచెం పైకి వస్తుంది. అమ్మవారు ఊరేగింపుకు బయలుదేరే ముందు దాన్ని మూడుసార్లు పేల్చాలి. మూడోది పేలేదాకా పల్లకీ గడప దాటదు. బర్మాలో మా అహ్లోన్ పేటలో ఇంకా మిగిలివున్న తెలుగువాళ్ళ లెక్కతో పోలిస్తే ఆ చప్పుడు కాస్త ఎక్కువే. ఏడాదికొక పూట మేము ఉన్నదానికన్నా ఎక్కువమందిలా వినిపించేవాళ్ళం.

ఆ పేల్చడంలో నా వంతు తుడవడం. కెమిస్ట్రీలో డిగ్రీ ఉందని గుడి పెద్దలు ఈ పని నాకు అప్పగించారు. ఆ డిగ్రీకి దొరికిన ఉద్యోగాల్లో ఎక్కువకాలం నిలిచింది ఇదే.

పని చిన్నది. మందు మూతి నుంచి పోస్తాం కాబట్టి గుడ్డ కూడా మూతి నుంచే వెళ్ళాలి. ఒకటి పేలగానే కర్ర కొసకు తడిగుడ్డ చుట్టి, గొట్టం అడుగుదాకా దూర్చి తిప్పాలి. లోపల ఎక్కడైనా నిప్పురవ్వ దాక్కుంటే అక్కడే చావాలి. తరువాత పొడిగుడ్డ, ఎందుకంటే తడి మిగిలితే మందు అంటుకోదు. అప్పుడు మా బావ, అంటే నా భార్య అన్న, మందు పొట్లం పట్టుకుని ముందుకొస్తాడు. రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. పొట్లం మూతిలోకి జారవిడిచే ముందు ప్రతిసారీ అడుగుతాడు.

"సల్లారినాదేటి?"

"సల్లారినాది."

నేను ఆ మాట అనేదాకా ఆయన చెయ్యి కదలదు. నా మాట తప్పైతే పోయేవి ఆయన వేళ్ళు. దూరం నుంచి వినేవాళ్ళకు మాత్రం ఇద్దరం టీ గురించి మాట్లాడుకుంటున్నట్టే ఉండేది.

గుడ్డల శాఖ నా భార్యది. కొత్త గుడ్డ నీళ్ళు పీల్చదు. ఎన్నో ఉతుకులు తిన్న నూలు కావాలి. ఇక్కడి ఆడవాళ్ళు కట్టుకునే లుంగీని తమేన్ అంటారు. తన పాత తమేన్‌లు చింపి, ఉడకబెట్టి, ఎండేసి, సంచిలో కుక్కి ఇచ్చేది. పిరంగిని తోపుడుబండి మీద తెచ్చిపెట్టే మా పక్కింటి బర్మా ఆయన్ని 'ఆకో' అని పిలుస్తాం, అన్నా అని. ఒక ఏడాది ఆయన గుడ్డమీది పూల అంచు చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తమేన్ తగిలితే మగవాడి తేజస్సు పోతుందని వాళ్ళ నమ్మకం. పిరంగి బలం కూడా పోతుందన్నాడు. ఇంటికొచ్చి చెప్తే నా భార్య వంకాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"పోనీ మావా. బలం బయటికి పోవాలనే గదా పేల్చేది. లోపలుంటే ఏటి లాభం?"

మరునాడు ఆ మాట బర్మా భాషలోకి మార్చి చెప్పాను. ఆకో నవ్వాడు. చెయ్యి మాత్రం దూరంగానే పెట్టుకున్నాడు.

ఆమె పోయాక వచ్చిన మొదటి పండక్కి గుడ్డలసంచి ఖాళీగా ఉంది. జబ్బులో ఆమె ఆ పని చూడలేదు, నేను అడగలేదు. బట్టలన్నీ పదిమందికీ ఇచ్చేశాం. దండెం మీద ఉండిపోయిన ఒక్క తమేన్ మాత్రం ఎవరి కంటా పడలేదు. గోధుమరంగు మీద సన్నగీతలు, వెలిసిపోయి మెత్తబడ్డ నూలు. నేను దాన్ని తీయలేదు. వానాకాలమంతా అది ఆరుతూనే ఉంది. ఎవరైనా అడిగితే ఇంకా ఆరలేదని చెబుదామనుకున్నాను. ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే కాబట్టి ఎవరూ అడగలేదు.

పిరంగికి కావలసింది సరిగ్గా అలాంటి గుడ్డే. ఆ సంగతి తెలుసు కనుక తామ్వే బజారుకు వెళ్ళి వేరే గుడ్డ కొన్నాను. నూలేనని కొట్టువాడు ఒట్టేశాడు. నేను చదువుకున్నవాణ్ణి, ఒట్లు నమ్మను. అంచునుంచి ఒక దారం లాగి అగ్గిపుల్లతో అంటించాను. కాగితం కాలిన వాసన వచ్చింది, బూడిద రాలింది. నూలే. తీరా చూస్తే అది పడుగు దారం. పేక సంగతి నేను అడగలేదు, గుడ్డా చెప్పలేదు.

పండగనాడు ఆ గుడ్డచుట్ట మాసిపోకుండా దండెం మీది తమేన్‌లో చుట్టి తీసుకెళ్ళాను. మాసిపోకుండా అనే నాకు నేను చెప్పుకున్నాను.

మొదటిది బాగానే పేలింది. కాకులు లేచాయి, పిల్లలు చెవులు మూసుకున్నారు, కుళ్ళిన గుడ్ల వాసనతో పొగ కమ్మింది. కర్ర దూర్చి తిప్పాను. బయటికి లాగితే గుడ్డ నీళ్ళన్నీ మూతి దగ్గరే కక్కేసి, అంచు ప్లాస్టిక్‌లా కరిగి ముద్దకట్టి వచ్చింది, పేక నూలు కాదు. ఒక పీలిక రానేలేదు. అడుగున అంటుకుపోయింది. వెనకవైపు వత్తి పెట్టే రంధ్రంలోంచి సన్నగా పొగ.

"సల్లారినాదేటి?" బావ పొట్లంతో వచ్చేశాడు.

నేను వంగి ఆ రంధ్రంలోకి చూస్తున్నాను.

"బావా, నిన్నే. సల్లారినాదా?"

"లేదు. ఆగు."

ఇంకో గుడ్డ చుట్టి దూర్చాను. పొగ ఆగలేదు. బకెట్టెడు నీళ్ళు పోస్తే ఆగుతుంది. కానీ ఆ పూటకు అది పిరంగి కాదు, కుండ. గడప లోపల పల్లకీ మోసేవాళ్ళు భుజాలు మార్చుకుంటున్నారు. వెనకనుంచి ఎవరో, "ఏటయిపోనాది, తుపాకీకి స్నానం సేయిస్తన్నారా?" అన్నారు. మామూలుగా అలాంటి మాట నేననాలి.

బావ వేళ్ళ వంక చూశాను. తరువాత సంచిలోంచి తమేన్ తీశాను. ఆయన వెంటనే గుర్తుపట్టాడు.

"అది మా సెల్లిది గదా."

"ఆఁ."

"సింపుతావేటి?"

"మరేటి సెయ్యమంటావు? కడిగిందే, ఆరిందే. ఆవిడే ఇచ్చిందనుకో."

అంచు పట్టుకున్నాను. చెయ్యి రాలేదు. పాత నూలు, పసిపిల్ల లాగినా చిరుగుతుంది. బావ పొట్లాన్ని దూరంగా మెట్టుమీద పెట్టి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

"లాగు బావా. నువ్వొక్కడివీ సింపలేవు."

ఇద్దరం లాగాం. పెద్ద చప్పుడేమీ రాలేదు. పిరంగి కదలకుండా పట్టుకుని ఉన్న ఆకో గుడ్డ ఏమిటో చూశాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

తడి పీలిక అడుగుదాకా వెళ్ళింది. లోపల సుయ్యిమంది. తిప్పి లాగితే కరిగిన ఆ ముద్ద కూడా గుడ్డకు కరుచుకుని వచ్చేసింది. రంధ్రంలో పొగ ఆగింది. పొడి పీలిక పెట్టి తుడిచాను.

"సల్లారినాదేటి?"

"సల్లారినాది."

రెండోది పేలింది. దాని వెనకా తుడిచాను. మూడోది పేలింది, పల్లకీ గడప దాటింది. ఆఖరి తుడుపుకు బజారుగుడ్డ సరిపోయింది. అప్పుడిక మూతి దగ్గర ఎవరి వేళ్ళూ లేవు. మసిబారిన పీలికల్ని వాడుక ప్రకారం అక్కడే కాల్చేశాం. తమేన్‌వి శుభ్రంగా కాలాయి, పడుగూ పేకా కూడా. మిగిలిన సగం తమేన్ మడతపెట్టుకుని ఇంటికొచ్చి, దండెం మీద వేశాను.

ఆ మరుసటి ఏడాదినుంచి పేల్చడం లేదు. సైన్యం వీధుల్లోకి వచ్చాక మా ఊళ్ళో అలాంటి చప్పుడు వింటే జనం పల్లకీ చూడడానికి బయటికి రారు. గుడి పెద్దలు ఏటా పండగ ముందు కూర్చుని ఈసారి పేల్చాలా వద్దా అని ఆలోచిస్తారు. పేల్చాలంటే తుడవాలి, తుడవాలంటే నా దగ్గర ఉన్నది ఆ సగమే. వద్దన్న కబురు మోసుకొచ్చేది బావే. ఆయన పాపం నిజంగా బాధపడతాడు. నేను తల వంచుకుని అయ్యో అంటాను. అహ్లోన్ మొత్తంలో ఆ కబురు విని ఊపిరి పీల్చుకునేది నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఈ ఏడాదీ వచ్చాడు. "ఈసారీ లేదంట బావా," అన్నాడు. టీ ఇచ్చాను, తాగాడు. వెళ్ళడానికి లేచి, గుమ్మం దగ్గర ఆగి, దండెం వైపు చూశాడు.

"ఇంకా ఆరలేదేటి అది?"

"లేదు బావా," అన్నాను. "తడిగానే ఉంది."