పుంగనూరు దాటని కారు

ముందుగా ప్రమాణం. నా డ్రైవింగ్ లైసెన్సు మీద, మా మామ టమోటా మండీ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. (మదనపల్లెలో నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారు. మీరు వాళ్లను పట్టించుకోకండి.) ఆ రోజుల్లో, అంటే కరెంటు కార్లు మా వైపు కొత్తగా కనబడుతున్న రోజుల్లో, నేను మంచి యౌవనంలో ఉన్నాను. నలభై దాటినవాడికి యౌవనమేమిటని అడక్కండి. మనిషి స్టీరింగ్ పట్టిన నాటి నుంచే యౌవనం మొదలవుతుందని నా సిద్ధాంతం. నేను పట్టింది నలభై దాటాకే.

మండీ మామ మా అమ్మకు తమ్ముడు. మా ఊళ్లో మనిషి స్థితిని ఎవరూ నోరు తెరిచి అడగరు, గుమ్మం ముందున్న బండి చెబుతుంది. టమోటాకు ధర వచ్చిన ఏడాది కొత్త కారు, రాని ఏడాది అదే కారుకు కొత్త సీటు కవర్లు. ఆ ఏడాది టమోటా బంగారమైంది. అయితే కుప్పంలో గ్రానైటు వ్యాపారం చేసే మామ తోడల్లుడు అప్పటికే లారీకి తమ్ముడిలాంటి డీజిల్ బండి కొని కూర్చున్నాడు. అంతకన్నా పెద్దది కొంటే అసూయ అంటారు, చిన్నది కొంటే మండీ దెబ్బతిందంటారు. మామ బాగా ఆలోచించి, చుట్టాల్లో ఎవరికీ లేని కరెంటు కారు కొన్నాడు. చప్పుడు లేదు, పొగ లేదు, పెట్రోలు బంకు మొహం చూసే పని లేదని మండీలో ప్రతి రైతుకూ చెప్పాడు. పాత డ్రైవరు మాత్రం బానెట్ ఎత్తి చూసి, ఇంజనే లేనిదాన్ని తోలితే తన పేరు పోతుందని మానుకున్నాడు. అలా స్టీరింగ్ నా చేతికొచ్చింది.

కారును కుప్పం తీసుకుపోయి తోడల్లుడికి చూపించాలన్నది పైకి చెప్పిన పని. కానీ కుప్పం దారి పుంగనూరు మీదుగా పోతుంది, పుంగనూరులో మా పెద్దమ్మ ఉంది. మామకు పెద్దక్క, చిన్నప్పుడు చంకనెత్తుకుని పెంచిన మనిషి. ఇద్దరికీ మాటల్లేక ఏళ్లయింది. కారణం కూడా కారే. మామ తన మొదటి డీజిల్ బండి కొన్న రోజున, తమ్ముడికి దిష్టి తీయాలని పెద్దమ్మ ఎర్రనీళ్ల పళ్లెంతో పుంగనూరులో తన ఇంటి ముందు నిలబడింది. మామ పక్క సీట్లో ఎవరో పెద్దమనిషి ఉన్నాడు. బండి ఆగలేదు. దుమ్మంతా వచ్చి పళ్లెంలో పడింది. ఆవిడ ఆ నీళ్లు పారబోసి, తలుపేసుకుంది.

తెల్లవారుతుండగా పుంగనూరు చేరాం. "మెల్లగా పోనీ అల్లుడా" అన్నాడు మామ. పెద్దమ్మ ఇంటి ముందు కూర్చుని తన పొట్టి పుంగనూరు ఆవు పాలు పితుకుతోంది, వీపు మా వైపుంది. పాత బండయితే వీధి చివర ఉండగానే తెలిసిపోయేది. ఇది పిల్లిలా ఆవిడ వెనకనుంచి జారిపోయింది. ఆవు ఒక్కటే తల తిప్పి మమ్మల్ని చూసింది. పలమనేరు దాకా మామ మెడ తిప్పి వెనక అద్దంలోంచే చూస్తూ వచ్చాడు. ఆ తర్వాత "సూడనే లేదురా" అన్నాడు. హారన్ కొట్టి ఉంటే బాగుండేదన్నాను. కొడితే మనమే పిలిచినట్టు కాదా అని నా మీదే విసుక్కున్నాడు.

రామకుప్పం దగ్గర రాగి చేలు మేసి అడవికి తిరిగి పోతున్న ఏనుగులు అడ్డం వచ్చాయి. (ఇక్కడ మీరు అనుమానపడతారని తెలుసు. పడండి.) బండి ఆపేశాను. చప్పుడు లేదు గనక వాటికి మేమొక నల్ల బండరాయిలా కనిపించి ఉంటాం. ఒక పెద్ద ఏనుగు వచ్చి బానెట్ తడిమింది, చల్లగా ఉండేసరికి నచ్చినట్టుంది, నిదానంగా వీపు రుద్దుకుంది. కారు ఉయ్యాలలా ఊగింది. మామ తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుతున్నాడు, ఒకరికి మొక్కింది ఇంకొకరికి వినబడకుండా. తర్వాత అది అద్దం దించి ఉన్న వెనక కిటికీలోంచి తొండం పెట్టి, తోడల్లుడి కోసం తెచ్చిన టమోటాలను బాక్సుతో సహా ఖాళీ చేసి, మర్యాదగా వెళ్లిపోయింది. ప్రాణాలు దక్కినందుకు సంతోషించాల్సింది పోయి, మామ ఆనాటి మండీ ధర చెప్పి నిట్టూర్చాడు.

కుప్పంలో తోడల్లుడు కారు చుట్టూ తిరిగాడు. "బొమ్మ బాగుండాది. కీ యాడ తిప్పల్ల?" అన్నాడు. ఉత్త చేతులతో ఎందుకొచ్చామో చెప్పాక, "ఏనుగు టమోటాలు తినిందా? మరి బిల్లు తీసుకోలేదా?" అని ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. పెద్ద మనసు చేసుకుని, మేం భోంచేసి కునుకు తీసేదాకా తన గ్రానైటు షెడ్డులో కారును ఛార్జింగ్‌కు పెట్టించాడు. మామకు ఆ కారు ఇచ్చిన గొప్పంతా అంతటితో సరి.

తోడల్లుడి కరెంటులో బలం లేదో ఏమో, సాయంత్రం సరిగ్గా పెద్దమ్మ ఇంటి ముందుకొచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయింది. మామ దిగాడు. మండీలో వేలం పాడితే బస్టాండు దాకా వినబడే గొంతు, గుమ్మం ముందు పీలగా పలికింది. పెద్దమ్మ బయటికొచ్చి ఎగాదిగా చూసింది.

"ఎవురు కావల్లప్పా మీకు?"

"ఛార్జింగ్ అయిపోయిందక్కా. రవ్వంత కరెంటిస్తావా?"

"అంత దుడ్డుండేటోడివి, నాకాడ కరెంటు అడుక్కుంటాండావా? ఆ పొద్దు నీ కొత్త బండి నా ఇంటి ముందర ఆగకుండా బాగానే పోయె గదా."

"అది డీజిలు బండక్కా. దానికి నీతో పనిలేదు. దీనికి ఉండాది."

పెద్దమ్మ దగ్గరికొచ్చి బానెట్ మీది దుమ్మును వేలితో తుడిచి చూసింది. నేను స్టీరింగ్ వదల్లేదు. ఏనుగు ముందు కూడా అంత భయపడలేదు.

"ఎంతసేపు పడతాది?" అంది చివరికి.

"తెల్లార్లూ పడతాది."

"అయితే సంగటి ఎక్కువ కెలకల్ల" అంటూ లోపలికి నడిచింది.

ఆ ఇంట్లో పెద్ద ప్లగ్గు ఆవు కొట్టంలోనే ఉంది. కారును అక్కడిదాకా తోశాం. కారు, ఆవు పక్కపక్కన నిలబడ్డాయి. "రెండూ ఒకటే జాతి. పొట్టివి, సప్పుడు సెయ్యవు, ధర మాత్రం అడగొద్దు" అంది పెద్దమ్మ. తర్వాత పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ల పళ్లెం తెచ్చి కారుకు, మామకు కలిపి దిష్టి తీసింది. పనిలో పనిగా ఆవుక్కూడా తీసింది. మామ టైరు చూస్తున్నట్టు వంగి చాలాసేపు లేవలేదు.

ఒట్టు పెట్టుకున్నాను గనక ఇప్పుడు ఒప్పుకోవాలి, ఇందులో ఒక్కటి కల్పితం. ఏనుగు కాదు. ఏనుగు నిజం, టమోటాలూ నిజం. ఛార్జింగ్ అయిపోవడం అబద్ధం. ఆ సాయంత్రం స్క్రీన్ మీద సగానికి పైగా కనబడుతూనే ఉంది. "ఆపు" అన్నాడు మామ. నేను ఆ అంకె వైపు వేలు చూపించబోతే, భుజం మీది తువ్వాలు తీసి స్క్రీన్ మీద కప్పేసి దిగిపోయాడు. జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భం అదొక్కటే. దిష్టి తీశాక పెద్దమ్మ లోపలికి వంగి ఆ తువ్వాలు తీసింది. అంకెలు చదవడం ఆవిడకు బాగా వచ్చు. తువ్వాలు మడిచి తమ్ముడి భుజం మీద వేసి, వైరు ఊడిపోకుండా ఇంకాస్త గట్టిగా నొక్కింది.

ఇప్పటికీ మేం కుప్పం బయల్దేరితే ఆ కారుకు పుంగనూరు దాటే సత్తువ ఉండదు. నన్ను నేను ఇప్పుడు అద్దంలో చూసుకుంటే జుట్టంతా నెరిసి, యౌవనం కాస్తా దిగిపోయినట్టే కనబడుతుంది గానీ, ఆ కొట్టం ముందు బండి ఆపి తువ్వాలు కప్పేటప్పుడు మాత్రం మళ్లీ నిండిపోతుంది. కప్పే పని ఇప్పుడు నాదే.