సిగ్నల్ దగ్గర ఇంజను

స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకి తగిలించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని జబ్బు చెప్పేస్తాడు బైకుల మెకానిక్. షెడ్డుకి ఎవరొచ్చినా ఒకటే పాట: "కారు ఇంజను ఒట్టి తాగుబోతండీ! మన బైకైతే గుక్కెడు పెట్రోలుతో ఊరు దాటిస్తుంది."

అల్లుడి కొత్త కారులోనూ దారి పొడవునా అదే పాట. సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజను చప్పుడు ఠక్కున పోయింది. "చచ్చింది! నే చెప్పలా?" అంటూ, అల్లుడు నోరు తెరిచేలోపే దిగి, బానెట్ మీద చరిచాడు. "తియ్యి బాబూ, నే చూస్తా!" పక్కన బైకులవాళ్ళంతా తలలు తిప్పారు. పచ్చలైటు పడింది. అల్లుడు క్లచ్ తొక్కగానే ఇంజను దానంతటదే మేలుకుంది. "ఆగినప్పుడు పెట్రోలు దండగవకుండా అదే ఆపేసుకుంటుంది మావయ్యగారూ" అన్నాడు అల్లుడు, ఆయన మొహం చూడకుండా. ఆయన చెవులు వేడెక్కాయి. ఎక్కి కూర్చుని, గ్రీజు ఇంకిన చేతులు తొడల కింద దాచుకున్నాడు. ఇంజను అలా ఆగకుండా చేసే బటనొకటి అల్లుడు మెల్లగా నొక్కడం ఓరకంట చూశాడు. తర్వాతి సిగ్నల్ దగ్గర కారు ఆగింది, ఇంజను ఆగలేదు. తన పరువు కోసం ఊరికే పెట్రోలు తాగుతున్న ఆ ఇంజను చప్పుడు, జన్మంతా ఇంజన్లే విన్న ఆ చెవులు వినలేకపోయాయి.