ఆర్వెల్లా నోరు తెరిచి అడిగిన రోజు

మార్చి నెలలో ఆర్వెల్లా ఇంటి ఇంజను చచ్చిపోయింది. మామూలు మనుషుల ఇళ్లకు ఇంజన్లు ఉండవు కాబట్టి వాళ్లకు ఈ బాధ తెలియదు. మా ఇళ్లన్నీ చక్రాల మీద ఉన్నవే. చలికాలమంతా అరిజోనా ఎడారిలో ఉంటాం, ఎండలు ముదిరేసరికి ఫ్లాగ్‌స్టాఫ్ వైపు కొండల మీది అడవిలోకి ఎక్కిపోతాం. మమ్మల్ని చూసి, అబ్బ ఎంత హాయిగా తిరుగుతున్నారో అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ వచ్చే పింఛనుతో ఇంటద్దె కట్టి, ఆపైన తిండి కూడా తినగలిగితే మాలో సగం మంది గడప దాటేవాళ్లు కాదు.

నా పేరు బెర్నిస్. టల్సాలో సిటీ బస్సు నడిపి రిటైరయ్యాను. పాత కొరియర్ వ్యాను ఒకటి కొని, లోపల మంచం బిగించుకుని కాపురం పెట్టాను. ఆర్వెల్లాది నా వ్యానుకు రెండింతలుండే మోటారు ఇల్లు. అందులో పొయ్యి, ఓవెన్, స్నానాల గది, అన్నీ ఉన్నాయి. కొన్నది ఆమె మొగుడు లీలండ్. నెబ్రాస్కాలో ఉన్న సొంతిల్లు అమ్మేసి, దేశమంతా చూపిస్తానని పెళ్లాన్ని ఎక్కించుకుని బయల్దేరాడు. సగం దేశం కూడా చూపించకుండా రెండో ఏడాదే టెక్సస్‌లో ఆసుపత్రి పాలై కన్నుమూశాడు. మిగిలిన డబ్బంతా ఆసుపత్రి బిల్లుకు పోయింది. ఆర్వెల్లా చేతికి స్టీరింగు మిగిలింది.

"నాకు ఊళ్లు చూడాలని ఏనాడూ లేదే బెర్నిస్," అనేది. "నాకు కావలసింది ఒక వంటిల్లు, దానికో కిటికీ. అంతే. ఆ మహానుభావుడు ఆ కిటికీలోంచి రోజుకో ఊరు చూపించి, తను మాత్రం చల్లగా జారుకున్నాడు."

ఆమె బతుకంతా ఒక బడి వంటశాలలో గడిచింది. వందల మంది పిల్లలకు వండి వార్చిన చెయ్యి. ఇద్దరికి వండడం ఇప్పటికీ చేతకాదు.

మా గుంపులో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఎవరు పెట్టారో తెలియదు కానీ అందరం పాటిస్తాం. ఎవరూ ఎవరినీ ఏదీ అడగకూడదు. ఇవ్వదలచుకున్నవాడు తనంతట తానే ఇవ్వాలి. నోరు తెరిచి అడిగినవాళ్ల గురించి మర్నాడు కాఫీల దగ్గర గుసగుసలు మొదలవుతాయి, పాపం ఇక లాభం లేదు, తన బతుకు తను బతకలేకపోతోంది అని. ఇక రెండోది, విడిపోయేటప్పుడు సెలవు అనే మాట అనకూడదు. "దారిలో కలుద్దాం" అనాలి. సెలవు చచ్చిపోయినవాళ్లకు చెప్పుకునే మాట అని మా నమ్మకం.

ఇంజను మార్చడానికి మెకానిక్ అడిగింది ఆమె ఆరు నెలల పింఛను. ఆ మాట విని ఆర్వెల్లా నవ్వేసి, ఆయనకు కాఫీ ఇచ్చి పంపించేసింది. కానీ ఎడారిలో ఉన్నచోటే ఉండిపోవడానికి లేదు. ప్రభుత్వ భూమిలో పద్నాలుగు రోజులకు మించి ఉండకూడదు. బండి కదిలించాలి. ఆ కదిలించడం కూడా పాతిక మైళ్ల అవతలికి కదిలించాలని చట్టం. కదలని బండిని వదిలేసిన బండి కింద లెక్కగట్టి ఎత్తుకుపోతారు. లోపల పొయ్యి వెలుగుతున్నా సరే.

అప్పుడు ముందుకొచ్చినవాడు డెల్బర్ట్. ఒంటరి మనిషి, తెల్లటి మీసాలు, పెద్ద డీజిల్ ట్రక్కు. దానితో తన ట్రెయిలర్ ఇంటిని లాక్కుంటూ తిరుగుతాడు. గొంతు ఆ ట్రక్కు కంటే పెద్దది.

"ఆర్వెల్లా, నువ్వు అలా కూర్చో తల్లీ. స్టీరింగు తిన్నగా పట్టుకో చాలు, మిగతాది నాకొదిలేయ్," అని తాడు కట్టి, ఎండిపోయిన వాగు అవతలి గట్టుకు ఆమె ఇంటిని లాగి పెట్టాడు. వెనక మేమంతా తోశాం. మా వయసులన్నీ కలిపితే ఎన్ని వందలయ్యేవో. ఆ ప్రభుత్వ భూమికి కాపలా కాసే రేంజరు పిల్ల మరిసోల్ తన జీపులోంచి చూసి, మొహం కొండల వైపు తిప్పుకుంది. వాగు అవతలి గట్టు పాతిక మైళ్ల దూరంలో లేదని ఆ పిల్లకు తెలియక కాదు.

ఆ సాయంత్రం ఆర్వెల్లా మాంసం బీన్సు కూర వండి, పక్కన దాల్చినచెక్క పొడి చల్లి చుట్టిన తీపి రొట్టెలు పెట్టింది. ఈ రెండూ కలిపి తినడమేంటని డెల్బర్ట్ పగలబడి నవ్వాడు.

"నెబ్రాస్కాలో ప్రతి బడిలో ఇదే పెడతారు. ముంచుకుని తిను, నోరు మూసుకుని," అంది ఆర్వెల్లా.

నోరు మూసుకునే తిన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఆ తర్వాత బండి లాగే రోజు మాకు పండగ రోజైపోయింది. లాగడం, తోయడం, తినడం. ఆర్వెల్లా నా ఒక్కదానితోనే అనేది, "నేనెవరి దగ్గరా ఊరికే తీసుకోలేదు. లాగారు, తిన్నారు. చెల్లుకు చెల్లు." అలా అనేటప్పుడు ఆమె మెడ నిటారుగా ఉండేది.

ఏప్రిల్ మధ్యలో మరిసోల్ వచ్చింది. అందరం కుర్చీలేసుకుని ఉన్నాం. "మేడమ్, కింద టౌనులో పెద్దవాళ్లకని కట్టిన ఇళ్లలో ఒక గది ఖాళీ అవుతోంది. అద్దె మీ పింఛనులో మూడో వంతే. మా పిన్ని అక్కడే పనిచేస్తుంది, నేను చెప్పి ఆపించాను. వంటగది ఉంది. కిటికీ కూడా ఉంది," అంది. కిటికీ మాట ఎవరు చెప్పారో నాకు తెలుసు, నేనే. "కాకపోతే ఈ బండిని అక్కడ పెట్టనివ్వరు. నెలాఖరులోగా మాట చెప్పాలి. మే వచ్చిందంటే ఈ రేకుల డబ్బాలో మనిషి బతకడం కష్టం మేడమ్."

ఆర్వెల్లా చూపు టౌను వైపు పోయింది. నేను చూశాను. ఒప్పుకునేదే, ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే.

"గదేంటమ్మా, గది!" డెల్బర్ట్ లేచి నిలబడ్డాడు. "ఆవిడకు ఇల్లుంది. మాకు ఆవిడుంది. మే మొదటి వారంలో ఈ ఇంటిని నేను కొండ మీదికి లాక్కెళ్తా. ఒకసారి నా ట్రెయిలర్ దించొచ్చి, రెండో ట్రిప్పులో దీన్ని తీసుకుపోతా. మేమంతా ఒక కుటుంబం. మా వాళ్లను మేం వదులుకుంటామా?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆర్వెల్లా మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది. "వినపడిందిగా అమ్మాయ్, నాకు ఇల్లుంది. ఆ గది ఇంకెవరికైనా ఇప్పించు," అంది.

ఆర్వెల్లా రెండు రొట్టెలు కాగితంలో చుట్టిస్తే మరిసోల్ పట్టుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్ చివరికి గుంపు పలచబడింది. రోజుకో బండి రెండుసార్లు హారన్ కొట్టడం, దారిలో కలుద్దాం అనడం, దుమ్ము లేపుకుంటూ పోవడం. ఒకరోజు డెల్బర్ట్ ట్రెయిలర్ కింద దిమ్మలు తీసేస్తూ కనిపించాడు. కొండ మీద ఒక క్యాంపు మైదానంలో హోస్టు పని దొరికిందట. వచ్చేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేయాలి, మరుగుదొడ్లు కడగాలి. దానికి బదులు వేసవంతా ఉచితంగా చోటు, కరెంటు. మర్నాడే చేరమన్నారట. ఈ సంగతి ఆర్వెల్లాకు చెప్పావా అంటే ఆమె వంట పనిలో ఉందన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మరి మే మొదటి వారం సంగతేంటి? అందరి ముందూ మీసం దువ్వుతూ చెప్పావే, ఆ సంగతి."

"అదా? ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదుగా. ఏదో ఏర్పాటు చేసుకుందనుకున్నా."

"ఆవిడ అడగదని నీకు తెలీదూ?"

"నిజంగా అవసరముంటే ఎవరైనా అడుగుతారు బెర్నిస్."

"నువ్వడుగుతావా?"

డెల్బర్ట్ చేతిలో దిమ్మ కింద పెట్టాడు. మొదటిసారి అతని గొంతు చిన్నదైంది. "చూడు, నా ట్రక్కు గేరుబాక్సు ఇప్పటికే మూలుగుతోంది. ఆ కొండకు నా ట్రెయిలర్‌ని లాగుతుందో లేదో కూడా దేవుడికే తెలియాలి. దాని తర్వాత ఆవిడ ఇల్లు కూడా తగిలించానంటే సగం దారిలో కాలిపోతుంది. అది పోతే రేపు నన్నెవరు లాగుతారు, చెప్పు?"

"ఆ ముక్క ఆ రోజే చెప్పి ఉండొచ్చుగా."

"ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు," అన్నాడు.

నేరుగా ఆర్వెల్లా దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. నన్ను కొట్టినంత పని చేసింది.

"వెళ్లి అడిగావా? నా తరఫున? నేను పంపించాననుకోడూ?"

"అనుకుంటే అనుకోనీ. ఇప్పుడైనా నువ్వు వెళ్లి ఒక్క మాట అడుగు. ముఖం మీద లేదనడానికి జంకుతాడు."

"జంకి లాగితే అదొక లాగడమా? మాట ఇచ్చినవాడికి గుర్తుండాలి. నేను గుర్తు చేస్తే అది అడుక్కోవడమే," అని పిండి డబ్బా కిందికి దించింది.

తెల్లారేసరికి పెద్ద ట్రే నిండా తీపి రొట్టెలు సిద్ధం. బడి నుంచి తెచ్చుకున్న మందపాటి ట్రే అది, ఆమె ఓవెన్‌కు అచ్చంగా సరిపోతుంది. బయల్దేరుతున్న డెల్బర్ట్‌కు అతని ట్రక్కు కిటికీలోంచి అందించింది. ఇప్పుడైనా అంటాడేమోనని ఆమె చెయ్యి ట్రేను ఒక పట్టాన వదల్లేదు. అతను ఆమె మొహం చూడకుండా ట్రే అందుకున్నాడు.

"ట్రే కొండ మీద ఇచ్చేస్తాలే ఆర్వెల్లా. దారిలో కలుద్దాం!"

"దారిలో కలుద్దాం," అంది ఆర్వెల్లా, నాలుగు చక్రాలూ ఇసుకలో కూరుకుపోయిన ఇంటి మెట్టు మీద నిలబడి.

నేను ఆమెతోనే ఉండిపోయాను. నా వ్యాను ఆ ఇంటిని లాగలేదు, నేను ఆమెను వదల్లేను. మే రెండో వారానికి పగలు గిన్నె ముట్టుకుంటే చెయ్యి కాలేది. ఒక మధ్యాహ్నం ఆర్వెల్లా నేల మీద తడిగుడ్డ పరుచుకుని పడుకుని, నేను పిలిచిన పిలుపుకు పలకలేదు. నీళ్లు కొట్టి, వ్యానులో ఏసీ వేసి కూర్చోబెట్టాక గానీ మాట రాలేదు. మర్నాడు మరిసోల్‌ని ఆ గది గురించి నేనే అడిగాను. అందులో ఎవరో చేరి అప్పటికే మూడు వారాలైందట. వరస చాలా పొడుగు ఉందట. "ఇంక నేను చూడనట్టు ఉండలేను మేడమ్. మా పైవాళ్లు వచ్చి ఈ బండి ఫొటోలు తీసుకెళ్లారు," అంటూ ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

చివరికి ఇల్లు తుక్కు వ్యాపారికి పోయింది. ఇచ్చింది మా ఇద్దరి దారి ఖర్చుకు సరిపోయింది. అతను వచ్చేలోపు ఆర్వెల్లా పొయ్యి తుడిచింది, ఓవెన్ లోపల సోడా వేసి రుద్దింది.

"తుక్కు కింద పోయేదాన్ని కడగడమెందుకే?" అన్నాను.

"మురికి వంటిల్లు వదిలేసి ఎప్పుడూ వెళ్లలేదు నేను."

తుక్కు వ్యాపారి లారీ ఆ ఇంటిని ఇట్టే ఇసుకలోంచి పైకి లాగేసింది. అదేమంత కష్టమైన పనిలా కనిపించలేదు. అదే మమ్మల్ని ఇద్దరినీ ఎక్కువగా బాధపెట్టింది.

నా వ్యానులో ఒక్కటే మంచం. వంతులేసుకుని ఒకరం మంచం మీద, ఒకరం కింద పడుకుంటూ కొండెక్కాం. తీరా వెళ్తే, అడవి అంటుకుంటుందనే భయంతో ఉచితంగా ఆగే దారులన్నీ మూసేశారు. రుసుము కట్టే మైదానాలే తెరిచి ఉన్నాయి. వాటిలో నాలుగు తిరిగాం, అన్నీ నిండిపోయాయి. ఐదోదాని గేటు దగ్గర ఆకుపచ్చ టోపీ, ఆకుపచ్చ చొక్కా వేసుకుని డెల్బర్ట్ నిలబడి ఉన్నాడు.

"చూశారా! దారిలో కలుద్దామన్నానా లేదా?" అని పెద్ద గొంతుతో వచ్చి, వ్యానులో ఆర్వెల్లాను చూసి, ఆమె ఇంటి కోసం వెనక్కి రోడ్డు వైపు చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది. అతనికి అర్థమైంది. గబగబా లోపలికి పోయి ట్రే పట్టుకొచ్చాడు. తళతళలాడేలా తోమి ఉంది. "నీ ట్రే జాగ్రత్తగా దాచాను ఆర్వెల్లా."

ఆర్వెల్లా వ్యాను దిగింది. ట్రే తీసుకుని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుంది. చుట్టూ చూసింది. డెల్బర్ట్ ట్రెయిలర్ పక్కన, పైన్ చెట్ల నీడలో, ఇంకో బండి పట్టేంత చదునైన చోటు ఖాళీగా ఉంది.

"డెల్బర్ట్, మేం ఇవాళ పడుకోవడానికి నీ పక్కన ఆ చోటు ఇస్తావా?" అంది. "అడుగుతున్నాను."

ఆమె నోట ఆ మాట వినడం నాకదే మొదలు. డెల్బర్ట్ టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"అది హోస్టు స్థలం ఆర్వెల్లా. వేరే బండి కనిపించిందంటే ఈ మైదానం నడిపే కంపెనీవాళ్లు నా పని తీసేస్తారు. నా చేతుల్లో ఉంటే నీకు కాదంటానా? మైదానంలో ఆదివారం దాకా ఖాళీ లేదు. సోమవారం రండి, మంచి చోటు చూసి పెడతా."

అతను అబద్ధం చెప్పలేదు. పని పోతే అతనికీ దిక్కులేదు. అది తెలిసినందుకు అతన్ని తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు, ఆ కోపం ఇప్పటికీ నాలోనే ఉంది.

ఆర్వెల్లా తల ఊపింది. ట్రేను అతని బల్ల మీద పెట్టింది. "ఇది నువ్వే ఉంచుకో. నాకిప్పుడు ఓవెన్ లేదు." వ్యాను ఎక్కి, బెల్టు పెట్టుకుని, అద్దం దించింది.

"దారిలో..." అంటూ మొదలుపెట్టాడు డెల్బర్ట్.

"సెలవు డెల్బర్ట్," అంది ఆర్వెల్లా. నేను బండి తిప్పాను.